ఎగువవాని బలము, దిగువవాని న్యాయము

బలముగలవాడు న్యాయమును లెక్కసేయడనియు, బలము చాలనివాడే న్యాయమును శరణు జొచ్చుననియు లోకమున నొక యభిప్రాయము వ్యాపించియున్నది. ఇది నిజమైనచో, న్యాయమను పేరిట మనము గౌరవించునది దుర్బలుని యుపాయము మాత్రమే యగును. ఇది యబద్ధమైనచో, నిన్నటి న్యాయవాదులు నేటి బలాత్కారులుగను, నిన్నటి బలాత్కారులు నేటి న్యాయవాదులుగను మారుట యెట్లు పొసగును? పరరాజ్యవ్యవహారములలో అమెరికాకును యూరపు రాజ్యములకును తరచుగ గలుగుచున్న వివాదమును గూర్చి ఆలోచించుకొలది మాకీ ప్రశ్నయే ముఖ్యముగ దోచుచున్నది. ఆ వివాదము సముద్రముల కావల జరుగునదే యైనను దాని ఫలము మన విశాఖతీరమునకును, చోడవరము వంటి చిన్న పట్టణముల గడపలకును వచ్చినది. కావున ఇది మనకు పట్టని విషయమని చదువరులు పుట త్రిప్పివేయకుందురని నమ్ముచున్నాము.

మొదట మన కన్నుల యెదుట నున్న దృష్టాంతమునే గైకొందము. చోడవరపు ప్రాంతమున వరియు చెరకును పండించు రైతు లెల్లరు నెఱిగిన సంగతి యొకటి కలదు. గెడ్డకు అడ్డుకట్ట వేసి కాలువ త్రవ్వినచోట, మదుమునకు చేరువ పొలము గలవానిది యొక వేదాంతము. కాలువ చివర పొలము గలవానిది మఱియొక వేదాంతము. నా పొలము తడిసిన పిదప నీరు దానంతట నదియే దిగువకు పోవును, దీనికి కాగితములును పంచాయితీలును ఎందుకని యెగువవాడు వాదించును. వంతు ప్రకారము నీరు పారవలెననియు, పెద్దలు కూర్చుండి పలికిన మాట నిలువవలెననియు దిగువవాడు వాదించును. ఎగువవాడు దుష్టుడని మేమనము. వానకట్టు రాత్రి గట్టు తెగినప్పుడు పార భుజమున వేసికొని మొదట పరుగెత్తువాడు వాడే. ఆ శ్రమ తనది గనుక పెత్తనమును తనదే యని వాని నమ్మకము. ఆ నమ్మకములో కొంత నిజము లేకపోలేదు. దిగువవాడు సాధువనియు మేమనము. వానికే మదుము చెంత నొక యెకరము దొరకినచో, మఱునాటినుండి వంతుల మాట వాని నోట వినబడుట యరుదు.

అమెరికా యూరపుల సంగతియు నిట్టిదే యని 2002వ సంవత్సరమున రాబర్టు కేగన్ అను అమెరికను రచయిత యొక వ్యాసమున వాదించెను. అమెరికనులు కుజునివారు, యూరపువారు శుక్రునివారు అని ఆయన చమత్కరించెను. ఈ గ్రహనిర్ణయమునకు మన జ్యోతిష్కులు సంతసింతురో నవ్వుదురో మాకు తెలియదు. ఆయన చెప్పిన సారాంశ మిది: యూరపు బలముగ నున్న దినములలో బలమునే నమ్మినది, అమెరికా బలహీనముగ నున్న దినములలో న్యాయమును గూర్చి మాటలాడినది, ఇప్పుడు బలములు తారుమారైనవి, మాటలును తారుమారైనవి.

చరిత్ర యీ మాటను చాలవఱకు సమర్థించుచున్నది. 18వ శతాబ్దాంతమున అమెరికా పసిరాజ్యము. దానికి చెప్పదగిన నౌకాబలము లేదు. బ్రిటనును ఫ్రాన్సును తమలో తాము పోరాడుచు దాని వర్తకనౌకలను పట్టుకొనుచుండగా, తటస్థుల హక్కులనియు, సముద్రములు ఎల్లవారివనియు అది మొఱపెట్టుచుండెను. 1823లో మన్రో అధ్యక్షుడు, యూరపు రాజ్యములు అమెరికా ఖండములలో క్రొత్త వలసలు స్థాపింపరాదని ప్రకటించెను. చక్కని మాటయే. కాని 1898లో ఆ రాజ్యమే స్పెయినునుండి ఫిలిప్పీను దీవులను గైకొని, స్వాతంత్ర్యము కోరిన యచ్చటి ప్రజలతో యుద్ధము చేసినది. దిగువ పొలమునుండి యెగువ పొలమునకు చేరుటకు దానికి నూఱేండ్లు పట్టినది.

ఇక మనకు తగిలిన కథకు వత్తము. 1941 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టును, బ్రిటిషు ప్రధానమంత్రి చర్చిలును న్యూఫౌండ్లండు తీరమున నావలపై కలిసికొని అట్లాంటికు ప్రకటనమును వెలువరించిరి. అందలి మూడవ నియమము, తమ ప్రభుత్వ మెట్లుండవలెనో నిర్ణయించుకొను హక్కు ప్రజలందఱకును కలదని చెప్పుచున్నది. మన దేశమున ఆ నియమమును చదివినవారు సహజముగనే ఇది మనకును వర్తించునని తలంచిరి. నెల తిరుగకముందే, సెప్టెంబరు 9వ తేదీన, చర్చిలు పార్లమెంటులో లేచి, ఆ నియమము ముఖ్యముగ నాజీల పాలబడిన యూరపు జాతులను ఉద్దేశించినదనియు, ఇండియా మొదలగు వాని సంగతి వేఱనియు స్పష్టపరచెను. ఒకే కాగితము, ఇద్దఱు పెద్దమనుష్యులు, రెండర్థములు.

చర్చిలు పక్షమున చెప్పదగినది లేదనుట న్యాయము గాదు. హిందూ మహమ్మదీయుల తగవును, సంస్థానముల చిక్కును సముద్రమున కావల నున్న అమెరికను లెఱుగరనియు, శత్రువు వాకిట నుండగా అధికారమును చేతులు మార్చుట ప్రమాదమనియు బ్రిటిషువారు చెప్పిరి. మీ దేశమున నల్లవారి గతి యెట్లున్నదని వారు లోలోన ననుకొనుచును ఉండిరి. అమెరికా పక్షమునను కేవలము ధర్మమే లేదు. సామ్రాజ్యదేశములు తమలో తాము తక్కువ సుంకములతో వర్తకము చేసికొను పద్ధతి 1932 ఒట్టావా ఒప్పందములతో స్థిరపడియుండెను. ఆ తలుపు తెఱపించి తన సరకును లోనికి పంపవలెనని అమెరికాకు చిరకాలపు కోరిక. ఆ ప్రకటనపు నాల్గవ నియమములోని పదములను గూర్చి వారిరువురకు జరిగిన పెనగులాట దీనికే సాక్ష్యము.

1942 మార్చిలో రంగూను పడిపోయినది. ఆ వార్త తెలుగువారికి పత్రికలో చదువు వార్త మాత్రమే గాదు. విశాఖపట్టణము, గంజాము, గోదావరి మండలములనుండి తరతరములుగ వేలకొలది కూలీలు బర్మా రేవులకును, బియ్యపు మిల్లులకును పోవుచుండిరి. వారిలో ఓడ దొరకనివారు అడవులబడి, కొండలు దాటి, త్రోవలో పిల్లలను పెద్దలను పోగొట్టుకొని కాలినడకను తిరిగి వచ్చిరి. ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణపు రేవుపైనను, కాకినాడపైనను బాంబులు వైచినవి. పట్టణమునుండి జనులు మూటలు కట్టుకొని లోపలి యూళ్లకు తరలిపోయిరి. అపుడు పేలక మిగిలిన బాంబొకటి విశాఖ ప్రదర్శనశాలలో నేటికిని ఉన్నది.

ఆ దినమున ఢిల్లీలో నేమి జరుగుచుండెను? క్రిప్సు దొర రాయబారము నడుచుచుండెను. రూజ్వెల్టు పంపగా లూయీ జాన్సను అను నతడు మూడు దినముల ముందే అచటికి వచ్చి, దేశరక్షణశాఖలో భారతీయమంత్రి కెంత యధికార మీయవలెనను చిక్కును విప్పుటకు నెహ్రూతోను, క్రిప్సుతోను మాటలాడుచుండెను. ఒక అమెరికను తమ సామ్రాజ్యవిషయమున జోక్యము చేసికొనుట వైస్రాయికిని చర్చిలునకును ఏమాత్రము రుచింపలేదు. రాయబారము చెడినది. ఏప్రిలు 11వ తేదీన రూజ్వెల్టు, చర్చలు విడువవలదనియు, స్వపరిపాలన నిచ్చుటకు బ్రిటిషువారి కిష్టము లేకపోవుటయే యీ వైఫల్యమునకు కారణమని అమెరికాలో ప్రజలు తలంచుచున్నారనియు చర్చిలునకు తంతి పంపెను. అది చేరునాటికి లండనులో నున్న రూజ్వెల్టు ఆంతరంగికుడు హాప్కిన్సుతో చర్చిలు మిక్కిలి కోపముగ మాటలాడి, అవసరమైనచో పదవి విడుచుటకైనను సిద్ధమని చెప్పెను.

రూజ్వెల్టు అంతటితో ఆగెను. మా యాలోచన కంతకును కీలకమైన తావు ఇదియే. ఆయన మాట కపటమని మేము తలంచుట లేదు. అమెరికా తన తొలిదినములలో పదుమూడు వలసలను కూర్చుకొన్న విధమును తార్కాణముగ జూపి, ఇండియాలోను తాత్కాలికప్రభుత్వ మొకటి యేర్పఱుపవచ్చునని ఆయన మార్చిలోనే వ్రాసియుండెను. మనయందు నిజముగనే సానుభూతి గలవాడు. కాని ఆ సానుభూతికి వెల యొక మిత్రుని కోపమని తేలినంతనే, వెల యెక్కువైనదని వెనుదీసెను. జూలై 1వ తేదీన గాంధీగారు ఆయనకు వ్రాసిన లేఖలో, థోరోవలనను ఎమర్సనువలనను తాను లబ్ధిపొందిన సంగతిని స్మరించుచునే, ఇండియాయు ఆఫ్రికాయు దోపిడికి లోబడియున్నంత కాలము, అమెరికా తన యింట నల్లవారి సమస్యను తీర్చుకొననంత కాలము, స్వాతంత్ర్యముకొఱకు పోరాడుచున్నామను మిత్రరాజ్యముల మాట డొల్లగ వినబడునని మర్యాదతోడనే తెలిపిరి. ఆగస్టులో క్విట్టిండియా తీర్మానము, వెంటనే నాయకుల నిర్బంధము. 1943 ఫిబ్రవరిలో గాంధీగారు ఇరువదియొక్క దినముల ఉపవాసమున నుండగా, రూజ్వెల్టు రెండవ ప్రతినిధి విలియం ఫిలిప్సు వారిని చూడ ననుమతి కోరెను, వైస్రాయి నిరాకరించెను. ఫిలిప్సు తన యధ్యక్షునకు బ్రిటిషువారి పద్ధతిని నిందించుచు నిర్మొగమాటముగ వ్రాసెను. ఆ లేఖలవలన చెఱసాల తలుపొక్కటియు తెఱవబడలేదు. ఆ యేడే వంగదేశమున లక్షలకొలది జనులు ఆకలితో చచ్చిరి.

ఈ సందర్భమున మన తెలుగువాడగు ఎల్లాప్రగడ సుబ్బారావుగారిని తలంపకుండ ముందునకు పోజాలము. భీమవరమున పుట్టి, అమెరికాకు పోయి, ఫోలికామ్లము, మెథోట్రెక్సేటు మొదలగు మందుల పరిశోధనమున మహోపకారము చేసిన ఆ మహనీయుడు, మన హక్కును గూర్చి రూజ్వెల్టు లండనుకు తంతు లంపుచున్న దినములలో అమెరికా పౌరుడగుటకు అర్హుడు గాడు. భారతీయులు తెల్లవారు గారు గనుక పౌరసత్వమున కనర్హులని అచటి యత్యున్నత న్యాయస్థానము 1923లో తీర్పు చెప్పియుండెను. 1946లో చట్టము మారినది. మారినపిదపను ఇండియానుండి వలసవచ్చుట కనుమతింపబడినవారి సంఖ్య యేటికి నూఱు. ఆ తరువాత రెండేండ్లకే సుబ్బారావుగారు గతించిరి. ఊరివారి కాలువపంపకమును గూర్చి ధర్మము చెప్పుచు, తన పెరటి నూతికి మాత్రము తాళము వేసిన పెద్దమనిషివలె నున్నది గదా యీ యమెరికా వైఖరి!

అయినను ఆ దేశము వెల చెల్లించిన సందర్భ మొకటి లేకపోలేదు. దానిని చెప్పకుండుట పక్షపాతమగును. 1956లో ఈజిప్టు సూయజు కాలువను జాతీయము చేసినపుడు బ్రిటను, ఫ్రాన్సు, ఇజ్రాయేలు కూడబలుకుకొని దండెత్తినవి. ఎన్నిక వాకిట నున్నను, దండెత్తినవారు తన మిత్రులే యైనను, ఐసెన్‌హోవరు అధ్యక్షుడు వారిని వెనుకకు మరలించెను. పౌను విలువ పడిపోవుచుండగా అంతర్జాతీయద్రవ్యనిధి సాయము అందకుండ నిలిపెను. డిసెంబరులోగా బ్రిటిషు, ఫ్రెంచి సేనలు తొలగిపోయినవి. ఆనాటి వరకు న్యాయమనగా తమ న్యాయస్థానములే యని తలంచుచుండిన పశ్చిమయూరపు రాజ్యములు, తాము దిగువ పొలమునకు దిగినట్లు మొదటిసారి గ్రహించినది అప్పుడే యని మా యభిప్రాయము.

అదే వారమున మన పరీక్షయు జరిగినది. సూయజు దండయాత్రను నెహ్రూగారు తక్షణమే ఖండించిరి. నవంబరు 4వ తేదీన సోవియటు ట్యాంకులు హంగరీ రాజధానిలో ప్రవేశించి అచటి ప్రజల తిరుగుబాటు నణచుచుండగా మన కంఠము సన్నగిలినది. హంగరీలో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యమున స్వేచ్ఛగ ఎన్నికలు జరుగవలెనను తీర్మానమునకు వ్యతిరేకముగ నవంబరు 9వ తేదీన మన ప్రతినిధి చేయి యెత్తెను. కాశ్మీరవిషయమున ఆ మాటయే మనమీదికి మరలునను భయము దానికి కారణమని చెప్పుదురు. కారణ మేదియైనను, అట్లాంటికు ప్రకటనమునకు చర్చిలు చెప్పిన భాష్యమును చూచి మండిపడిన జాతి, తొమ్మిదేండ్ల స్వాతంత్ర్యమునకే తన భాష్యమును తాను వ్రాసికొన్నది.

అమెరికాయు యూరపును ఎల్లప్పుడు కలహించుచునే యుండునని తలంపరాదు. లాభ మొక్కటైనచోట వారి వేదాంతమును ఒక్కటే యగును. చోడవరమునకు కూతవేటు దూరమని చెప్పదగిన విశాఖపట్టణమున 1957లో అమెరికను కంపెనీ యగు కాల్‌టెక్సు నూనెశుద్ధి కర్మాగారము పని మొదలిడెను. 1960లో సోవియటు దేశము తక్కువ ధరకు ముడినూనె నిచ్చెదనని మన ప్రభుత్వమునకు తెలుపగా, దానిని శుద్ధిచేయుటకు కాల్‌టెక్సును, మఱియొక అమెరికను కంపెనీయు, బ్రిటిషు డచ్చి సంబంధము గల బర్మాషెల్లును ఏకకంఠముతో నిరాకరించినవి. మన నేలమీది కర్మాగారము, మన కూలీల పని, మనకు వచ్చు నూనె. కాని మదుము తాళము మాత్రము పరాయివారి మొలత్రాట నుండెను. ఆ కర్మాగారము 1970వ దశకమున జాతీయమైనది.

1965-67 మధ్య వానలు లేక దేశమంతట కరవు వచ్చినపుడు తాళ మెవరిచేత నున్నదో మఱింత బాగుగ తెలిసినది. 1966 ఒక్క యేటనే మనము దిగుమతి చేసికొన్న ధాన్యము సుమారు కోటి టన్నులు; అందు పెద్దపాలు అమెరికా గోధుమ. అది వచ్చి యుండకపోయినచో ఎందఱు చనిపోయి యుందురో ఊహింప భయమగును. ఆ ఋణమును మఱచుట కృతఘ్నత. అదే కాలమున వియత్నాముపై అమెరికా కురిపించుచున్న బాంబులను మన ప్రభుత్వము తప్పుపట్టినది. ఫ్రాన్సు అధ్యక్షుడు డిగాలును 1966 సెప్టెంబరులో కాంబోడియా రాజధానిలో నిలిచి ఆ యుద్ధమును తప్పుపట్టెను. డిగాలు మాటకు అమెరికా నొచ్చుకొని యూరకుండెను. మన మాటకు మాత్రము ధాన్యపు ఓడలు ఆలసించినవి. జాన్సను అధ్యక్షుడు నెలనెలకు లెక్కచూచి పంపుట మొదలిడెను. ఒకే విమర్శకు ఆకలిలేనివానికొక శిక్ష, ఆకలిగొన్నవాని కింకొక శిక్ష. ఫ్రాన్సు తన ధర్మమును చవుకగ పలుకగలిగెను. మనకది తిండిగింజల ధరకు పడినది. మన వ్యవసాయశాస్త్రజ్ఞులును మంత్రి సుబ్రహ్మణ్యముగారును అధికఫలసాయమిచ్చు వంగడములకై పట్టుదలతో పనిచేయుటకు ఆ యవమానమును ఒక కారణమే.

2003 నాటి ఇరాకు యుద్ధమును గూర్చి విస్తరింపనక్కఱలేదు. ఫ్రాన్సును జర్మనీయు ఐక్యరాజ్యసమితి యనుమతి లేనిది యుద్ధము కూడదనినవి. అమెరికా రక్షణమంత్రి వారిని ముసలి యూరపని యెగతాళి చేసెను. బ్రిటను, స్పెయిను, పోలండు మొదలగునవి అమెరికాతో నిలిచినవి. కావున యూరపని యొక్కమాటలో చెప్పుటయే కొంత పొరపాటు. మన లోకసభ ఏప్రిలులో ఆ దండయాత్రను నిందించెను. సేనలు పంపుడని అమెరికా కోరగా జూలై 14వ తేదీన మన ప్రభుత్వము ఒప్పుకొనలేదు. ఇది మన వెల యెంత యని చూచుకొని చేసినదా, ధర్మమును చూచి చేసినదా? రెండును కలిసినవని మా యూహ. కలియుట తప్పనియు మేమనజాలము.

సమీపకాలమున జరిగినది మఱింత చిత్రము. 2022లో రష్యా యుక్రెయినుపై దండెత్తినపిదప మనము రష్యా నూనెను విరివిగ కొంటిమి. యూరపు ధర్మము చెప్పినది, తాను రష్యా సహజవాయువును కొంత కొనుచునే. 2025 ఆగస్టు 27వ తేదీనుండి అమెరికా ఆ కారణముచేతనే మన సరకులపై మఱి ఇరువదియైదు పాళ్లు సుంకము పెంచి మొత్తము నూటికి ఏబది చేసెను. దెబ్బ మొదట తగిలినది ఆంధ్రతీరపు రొయ్యల చెఱువులకు. ఆ రొయ్యకు అమెరికాయే పెద్ద అంగడి. అంతకు నెలముందే, నియమబద్ధమైన వర్తకమును గూర్చి యెల్లరకు పాఠములు చెప్పు యూరపు సమాఖ్య, తన సరకులలో చాలభాగముపై నూటికి పదునైదు సుంకమునకు తలయొగ్గెను. తనను కాపాడు ఆయుధములు అమెరికావి గదా. ఆ యేడే జనవరిలో అమెరికా అధ్యక్షపదవికి ఎన్నికైనవాడు గ్రీన్లండు తమకు కావలెననియు, బలప్రయోగము చేయనని మాటయీయజాలననియు పలికినపుడు, సరిహద్దులు అనుల్లంఘ్యములనియు, ప్రజల యిష్టమే ప్రమాణమనియు యూరపు రాజధానులన్నియు ఏకకంఠమున చాటినవి. 1941లో మన పెద్దలు అడిగినదియు సరిగ ఈ మాటయే. ఇంతకును గ్రీన్లండు 1953 వరకు డెన్మార్కునకు వలసయే. అచటి ఏబదియాఱు ఏబదియేడు వేల జనులు, మేము అమెరికనులము గాము, డేనులమును గాము, గ్రీన్లండువారమని చెప్పుకొనుచున్నారు.

ఇన్ని చెప్పినపిదప కేగను సిద్ధాంతమును పూర్తిగ నొప్పుకొనవలసినదే యని చదువరులు తలంపవచ్చును. ఇచ్చటనే మేము నిలువదలచినాము. దిగువవాడు తన యవసరముచేతనే న్యాయము పలుకుచున్నాడని ఋజువైనంత మాత్రమున, వాడు పలికినది న్యాయము గాకుండునా? దాహముగొన్నవాడు నీరు చల్లనిదనినచో, వానికి దాహమున్నది గనుక నీరు చల్లనిది గాదనుట తర్కమా? వక్తకు ప్రయోజన మున్నదని చూపుట వేఱు, వాక్యము తప్పని చూపుట వేఱు. బ్రిటిషువారికి మన కాంగ్రెసువారి యుద్దేశములపై ననుమాన ముండెను, ఉండవచ్చును. ఆ యనుమానముచే మన హక్కు తగ్గలేదు. బలము తగ్గిన యూరపు నేడు ధర్మము పలుకుచున్నదనుట నిజమే. ఆ పలుకు అబద్ధమనుటకు అది చాలదు. నిజమునకు, ఏ నియమము వలన ఎవని కే నష్టము కలుగునో అందఱికంటె ముందు తెలియునది కాలువ చివరివానికే. ఎండిన మడి వానికి గురువు.

కాని దీనికి జతగ మఱియొక మాట యున్నది. అవసరములో పలికిన న్యాయము పలికినవానిని కట్టివేయును. అది వాని యప్పు. వాడెగువకు చేరిననాడు ఆ యప్పు తీర్పవలెను. మన యిండ్లలోనే చూడుడు. కాపురమునకు వచ్చిన క్రొత్తలో అత్తవారి కాఠిన్యమునకు కన్నీరు పెట్టుకొని, ఆడుదానికి న్యాయము లేదాయని యడిగిన యిల్లాలు, ఇరువదియేండ్లకు తాళపుచెవులగుత్తి నడుమున దోపుకొన్నపిదప కోడలిని అదే మాట యననిచ్చుచున్నదా? అననిచ్చు నిల్లాండ్రు కొందఱు మాకు తెలియును. వారు పూర్వము పెట్టుకొన్న కన్నీరు నిజమైనదని వారిని చూచి మేము నమ్ముచున్నాము. తక్కినవారి కన్నీరు అబద్ధమని మాత్రము అనజాలము, వారు అప్పెగవేసిరని యందుము. రాజ్యములను గూర్చియు మా తీర్పిదియే. 1942 అమెరికా అబద్ధమాడలేదు, అప్పు తీర్పలేదు. 1956లో కొంత తీర్చినది.

ఇక మనము ఎగువ నున్న తావు లేదా? చోడవరమునుండి పడమరగ మాడుగుల దాటి కొండలెక్కినచో పాడేరు వచ్చును. 2022లో జిల్లాలు విభజింపబడి చోడవరము అనకాపల్లి జిల్లాలోను, ఆ కొండలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోను చేరినవి; అంతవరకు రెండును విశాఖపట్టణపు జిల్లాయే. తెల్లదొర మన పంటపై పన్ను వేయుట యన్యాయమని కచేరీలలో వాదించిన పల్లపువారే, పదిరూపాయల బాకీక్రింద కొండవాని చింతచెట్టు కాపును వ్రాయించుకొనుచుండిరి. ఆ పేరాశ నరికట్టుటకు 1917లోనే చట్టము చేయవలసి వచ్చినది. అది చాలక 1959లో మఱియొకటి, అదియు చాలక 1970లో దానికి సవరణ. ఆ చట్టములను తప్పించుకొను త్రోవలు వెదకినవారిలో పరదేశీయులు లేరు, అందఱును మనవారే.

అనంతగిరి ప్రాంతపు గిరిజనుల భూములను గనుల కంపెనీలకు కౌలున కిచ్చుటను సమత యను సంఘము ప్రశ్నింపగా, 1997 జూలైలో సుప్రీముకోర్టు, ప్రభుత్వమును ఆ చట్టము దృష్టిలో నొక వ్యక్తియే యనియు, అదియు గిరిజనేతరులకు ఆ భూములను కౌలున కీయరాదనియు తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యమున ప్రతివాది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము. తీర్పు వచ్చినపిదపను ప్రభుత్వసంస్థను ముందుంచుకొని బాక్సైటు త్రవ్వకమున కొప్పందములు జరిగినవి, గ్రామములు ఎదిరించినవి, 2019లో ఆ కౌళ్లు రద్దయినవి. ఆ పదునాలుగు పదునైదేండ్లు చోడవరములోను, విశాఖలోను, హైదరాబాదులోను మన చదువరి కుటుంబములలో ఆ గనులవలన రాష్ట్రమునకు వచ్చు రాబడిని గూర్చి చర్చ జరిగినది. కొండమీదివారు ఏమనుచున్నారని అడిగి తెలిసికొనుటకు ఆ ఘాటురోడ్డెక్కినవా రెందఱు?